లేని కొమ్మకు ఎల్‌సీ

ఎనిమిదేళ్లుగా ఒక వేపకొమ్మను మోస్తున్నాను. ఎంత బరువుందో చెప్పలేను, ఎందుకంటే ఆ కొమ్మ లేదు. ఎప్పుడూ లేదు. అది నా నోట్లో పుట్టింది. ఫోన్లో సబ్‌స్టేషన్‌కు వెళ్లి, అక్కడ లాగ్‌బుక్కులోకి ఎక్కి, ఆ రోజంతా ఊళ్లోవాళ్ల నోళ్లలో నానింది. తర్వాత అందరూ దాన్ని మర్చిపోయారు, నేను తప్ప.

మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నన్ను చూడలేరు. నేను పల్నాడులో, మాచవరం మండలంలో లైన్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషిని. ఊరి పేరు అడక్కండి, నా పేరూ అడక్కండి. తప్పు ఒప్పుకునేవాడు తల వంచుకుని మెల్లగా మాట్లాడాలంటారు. నాకు మెల్లగా మాట్లాడటం పుట్టినప్పటి నుంచీ రాదు. పైగా ఇవాళ పొద్దున ఒక పని చేసి వచ్చాను. అది చివర్లో చెబుతాను. అప్పటి నుంచీ ఒళ్లంతా ఉడుకెత్తిపోయి ఉంది, కాగితం మీద చెయ్యి ఆగట్లేదు. అక్షరాలు వంకర పోతే సర్దుకోండి.

ముందు నాకు కరెంటంటే ఎంత పిచ్చో తెలియాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. డబ్బు కోసం చేశాడనుకుంటారు. డబ్బు కోసం చేసుంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణే.

నా సర్వీసంతా స్తంభాలెక్కడంతోనే గడిచింది. ఎక్కడో పుట్టిన కరెంటును ఊరి దాకా తెచ్చి ఇంటింటికీ పంచడం మా పని. గాలివాన తర్వాత తెగిన తీగ కట్టి, కిందికి దిగి, ఫోన్ చేసి, లైన్ ఇమ్మంటాం చూడండి, ఇచ్చిన క్షణాన ఊరంతా ఒక్కసారి "ఆఁ" అంటుంది. ఆ "ఆఁ" కోసం ఎన్ని స్తంభాలైనా ఎక్కేవాణ్ణి. కానీ కరెంటు పుట్టే చోటు నేను ఎన్నడూ చూడలేదు. ఒకసారి సాగర్ డ్యామ్ చూడ్డానికి వెళ్లినప్పుడు కింద పవర్‌హౌస్ కనబడింది. లోపలికి వెళ్లనివ్వలేదు. నేనూ డిపార్టుమెంటోణ్ణే బాబూ అన్నా వినలేదు. బయట గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. మా ఆవిడ "జనం చూస్తున్నారు, పదండి" అని చొక్కా పట్టుకుని లాగింది. లోపల ఏదో పెద్దది తిరుగుతున్న హోరు. ఆ హోరు మా ఊళ్లో వినబడితే ఎలా ఉంటుందా అని తిరుగు బస్సులో దారంతా ఆలోచించాను.

అటువంటివాడి ఊరికి ప్లాంటు వస్తుందంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మా ఊరికి ఉత్తరాన పెద్ద బీడు ఉంది. పంచాయతీ భూమి. రాళ్లు, తుమ్మచెట్లు, మేసే గొర్రెలు, ఆ మధ్యలోంచి వాగు అవతలి పొలాలకు వెళ్లే బండి డొంక. అంతకు మించి ఏమీ లేదు, ఎండ తప్ప. ఎండకు మాత్రం మా దగ్గర ఎన్నడూ కరువు లేదు. ఆ ఎండ చూసే గవర్నమెంటు కరెంటు సంస్థవాళ్లు సోలార్ ప్లాంటు కడతామని వచ్చారు. కొలిచారు, హద్దురాళ్లు పాతారు, వెళ్లిపోయారు. ఏడాది తర్వాత ఇంకొకళ్లొచ్చి మళ్లీ కొలిచి మళ్లీ పాతారు. మూడోసారి వచ్చినవాళ్లకు పాత రాళ్లు దొరకలేదు. గొర్రెలు ఒళ్లు రుద్దుకుని రుద్దుకుని పడగొట్టేశాయి. ఫైలు పైన ఉంది, నిధులు రావాలి అన్నారు.

అప్పుడు దిగారు ప్రైవేటు కంపెనీవాళ్లు. వచ్చిన వారంలో మట్టి పరీక్షలు, పైన ఎగిరే కెమెరా, బీడు అంచున రేకుల షెడ్డు. భూమి మాకిస్తే ఏడాదిన్నరలో కరెంటు పుట్టిస్తామన్నారు. ఎవరికివ్వాలో గ్రామసభలో తేల్చుకోండని మండలం ఆఫీసు నుంచి కబురొచ్చింది.

ఇక ఊరు రెండు ముక్కలైంది. టీ బంకు దగ్గర అదే గొడవ, మిర్చి కళ్లంలో అదే గొడవ. ఎప్పుడూ పార్టీల గురించి తన్నుకునే ఊరు మొదటిసారి ఒక పని గురించి తన్నుకుంది. గవర్నమెంటోడైతే మన మనవళ్ల కాలానికి కడతాడని ఒకళ్లు, ప్రైవేటోడైతే ముందు కంచె కట్టి తర్వాత మాట్లాడతాడని ఇంకొకళ్లు. గవర్నమెంటు జీతం తింటున్నవాణ్ణి, నేను ఎటుండాలి? కానీ నేను ప్రైవేటు వైపు ఉన్నాను. బయటికి అనలేదు, లోపల ఉన్నాను. నాకు ఇంకా రెండేళ్ల సర్వీసే మిగిలింది. గవర్నమెంటు ఫైలు కదిలేసరికి నేను ఇంట్లో కూర్చుని ఉంటాను. లైన్‌మన్ చొక్కా ఒంటి మీద ఉండగానే నా ఊళ్లో కరెంటు పుట్టడం చూడాలి. అదీ నా ఆశ. చిన్నపిల్లాడి ఆశ. దాని కోసం నేను ఇంతకు తెగిస్తానని నాకే తెలియదు.

అవతల వైపు మస్తాన్ ఉన్నాడు.

మస్తాన్ మోటార్ రివైండింగ్ చేస్తాడు. వాళ్ల నాన్న పిడుగురాళ్ల నుంచి ఆయిల్ ఇంజన్లు బాగు చెయ్యడానికి మా ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. చుట్టుపక్కల కాలిపోయిన మోటారంటూ ఉంటే అది మస్తాన్ చేతిలో పడాల్సిందే. నేను కరెంటిచ్చేవాణ్ణి, అతను కరెంటు కాల్చినదాన్ని బతికించేవాడు. నాకంటే పదేళ్లు చిన్న, నన్ను అన్నా అనేవాడు. రోజూ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివేవాడు. మాట్లాడితే నలుగురూ ఆగి వినేవాళ్లు. అతను గవర్నమెంటు ప్లాంటే కావాలనేవాడు. అతని వాదన చాలా చిన్నది. గవర్నమెంటోడు పని చెయ్యకపోతే వెళ్లి ఆఫీసు ముందు టెంటేసుకుని కూర్చుంటాం, వీళ్లు చెయ్యకపోతే ఎవరి ముందు కూర్చోవాలి, వీళ్ల ఆఫీసు ఎక్కడుందో మీలో ఎవరికైనా తెలుసా అని అడిగేవాడు. ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. ఆ ప్రశ్న రోజురోజుకీ ఊళ్లో పెద్దదవుతోంది. అటూ ఇటూ తేల్చుకోలేనివాళ్లు "సభలో మస్తాను ఏం చెప్తాడో చూద్దాం" అనడం మొదలుపెట్టారు. ఆ మాట చెవిన పడితే నేను టీ సగంలో వదిలేసి లేచిపోయేవాణ్ణి.

సభ రోజు బడి ఆవరణలో షామియానా వేశారు. వేసవి. పదకొండు గంటలకే నేల కాలిపోతోంది. నాలుగు పెద్ద ఫ్యాన్లు, ఒక మైకు. మైకు సెట్టుకు బ్యాటరీ లేదు, బడి మీటర్ నుంచి వైరు లాగి నేనే కనెక్షన్ ఇచ్చాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నేను అప్పుడే గుర్తుపెట్టుకున్నాను. అంటే ముందే అనుకున్నానా? ఎనిమిదేళ్లుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇదే. లేదనే చెప్పుకునేవాణ్ణి. ఇవాళ మీ ముందు అలా చెప్పలేకపోతున్నాను. బ్యాటరీ లేదని తెలిసినప్పుడు లోపల ఏదో చిన్నగా మెరిసింది. మెరిసిందని నాకు తెలుసు.

కంపెనీ ఆయన మాట్లాడాడు, బాగా మాట్లాడాడు. గవర్నమెంటు సంస్థ ఆయన ఫైలు చూసుకుంటూ మాట్లాడాడు, ఎవరికీ ఏమీ పట్టలేదు. తర్వాత ఊరివాళ్లను మాట్లాడమన్నారు. మస్తాన్ లేచాడు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. అతను జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ మైకు వైపు వస్తున్నాడు. నేను బడి గోడ వెనక్కి వెళ్లి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ అడిగాను.

ఎల్‌సీ అంటే ఏమిటో మీకు తెలియాలి. లైన్ క్లియర్. స్తంభమెక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకుంటాడు. అక్కడ ఆపరేటర్ లైన్ ఆపి, పేరూ పనీ టైమూ రాసుకుని, ఇచ్చానంటాడు. ఆ ఒక్క మాట నమ్మి మేం తీగ మీద ఉత్త చెయ్యి వేస్తాం. ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో వాళ్లే తిరిగి ఇవ్వాలి. వాళ్ల గొంతు వినబడే దాకా, మంత్రి ఫోన్ చేసినా, లైన్ ఇవ్వకూడదు. మా పనిలో దేవుడి మీద ఒట్టు అబద్ధమైనా క్షమిస్తారు గాని ఎల్‌సీలో అబద్ధాన్ని క్షమించరు. దాని మీద ప్రాణాలుంటాయి. నా సర్వీసులో ఎన్ని తీసుకున్నానో లెక్కే లేదు, ఒక్కటి కూడా దొంగది కాదు. ఇది తప్ప.

ఆపరేటర్ ఏం పనని అడిగాడు. బడి దగ్గర లైన్ మీద వేపకొమ్మ విరిగి పడింది, కింద జనం ఉన్నారు, అర్జంటు అన్నాను. గొంతు వణకలేదు. వణికుంటే బాగుండేది.

మస్తాన్ మైకు ముందుకొచ్చాడు. వేలితో టక్ టక్ కొట్టాడు. "అందరికీ నమస్కారం. నేను రెండే రెండు మాటలు చెప్తా" అన్నాడు. మైకు పోయింది. ఫ్యాన్లు నాలుగూ మెల్లగా ఆగిపోయాయి.

ఆ తర్వాత వెనక నుంచి ఎవరో అరిచారు: "చూశారా, గవర్నమెంటు కరెంటు!"

ఇక నవ్వులు. నేను ఆ నవ్వును ముందుగా ఊహించలేదు. మైకు పోతే అతని మాట వినబడదు, అంతవరకే నా బుర్రకు తట్టింది. కానీ ఊరు నాకంటే తెలివైంది. సభ నడపడానికి మండలం నుంచి వచ్చిన ఆఫీసర్ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "మస్తానూ, నీ గవర్నమెంటు పోయింది, ఇక దిగు" అని ఇంకొకళ్లు. మొదట మస్తాన్ కూడా నవ్వాడు. తర్వాత గొంతెత్తి ఏదో చెప్పబోయాడు. ఎండ, ఉక్క, నవ్వులు, వెనక లేచి నిలబడ్డవాళ్లు, ముందు వరస కూడా వినలేదు. అతను కాగితం ఊపాడు. ఆఫీసర్ వాచీ చూసుకున్నాడు, ఇంకో ఊళ్లో ఇంకో సభ ఉందట. చేతులెత్తమన్నాడు. ప్రైవేటు వైపు అడివిలా లేచాయి చేతులు.

గోడ వెనక నిలబడి నేను అన్నీ చూశాను. జనం లేచి వెళ్తుంటే ఫోన్ చేసి కొమ్మ తీసేశానని ఎల్‌సీ తిరిగి ఇచ్చాను. ఖాళీ కుర్చీల మీద ఫ్యాన్లు తిరగసాగాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా దాటలేను. కరెంటు పోవడానికీ, దాన్ని ఎవరు పుట్టిస్తున్నారన్నదానికీ ఏ సంబంధమూ లేదు. ప్రైవేటు ప్లాంటు కరెంటు మా ఊరికి విడిగా రాదు. అది పెద్ద లైన్లో పడి ఎటో పోతుంది. మాకొచ్చేది మళ్లీ ఈ తీగల మీదే, ఈ ట్రాన్స్‌ఫార్మర్ నుంచే, నాలాంటి ఒక లైన్‌మన్ చేతి మీదుగానే వస్తుంది. ప్రైవేటోడు పుట్టించాడని కొమ్మ పడటం మానుతుందా? కానీ మా ఊళ్లో ఆ రోజు చెయ్యెత్తిన ప్రతివాడూ ప్రైవేటు కరెంటైతే పోదనుకుని ఎత్తాడు. అది తప్పని అక్కడున్నవాళ్లలో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేను. ఒక్క మాట అంటే చాలు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఆ రోజు నాకు సిగ్గేసిందా? నిజం రాస్తానని కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను. లేదు. ఎగిరి గంతేసినంత పనైంది. ఇంటికెళ్లి మా ఆవిణ్ణి పాయసం చెయ్యమన్నాను. ఎందుకని అడిగితే ఊళ్లో కరెంటు పుట్టబోతోందే అన్నాను.

సాయంత్రం ఐదు గంటలప్పుడు మస్తాన్ మా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ రోజు మేం మాట్లాడుకున్నది అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"అన్నా, పొద్దున లైనుకేమైంది?"

"కొమ్మ పడిందిరా."

"ఏడ?"

"బడి ఎనకాల. వేపకొమ్మ."

"పెద్దదేనా? మా ఇంట్లోది ఉన్నదేమో చూసిరమ్మంది, పొయ్యిలోకి పనికొచ్చుద్దని. ఆడికి పోతే ఏం కనబళ్లా."

"ఎవరో పట్టకపోయుంటార్లే."

"అంతేలే. కట్టెపుల్ల ఉండనిస్తారా మనోళ్లు." భుజం గుమ్మానికి ఆనించాడు. "నా టైమే అట్టా ఉంది అన్నా. అంతమందిలో నవ్వులపాలైపోయా. నువ్వేం మనసులో పెట్టుకోమాక, కొమ్మ పడితే నువ్వేం చేస్తావు? జనం మీద తీగ పడితే ఎవడికి నష్టం? నువ్వు చేసిందే రైటు."

నన్ను ఓదార్చడానికొచ్చాడండీ! ఊరంతా గవర్నమెంటు కరెంటని నవ్వింది కదా, డిపార్టుమెంటువాణ్ణి నేను బాధపడి ఉంటానని వచ్చాడు. నేను లోపలికి రమ్మన్నాను. పాయసం పెట్టించాను. తిన్నాడు. బాగుంది వదినా అన్నాడు. ఆ కాగితంలో ఏముందిరా అని నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు. గవర్నమెంటు వైపు పెద్ద వాదనే రాసుకొచ్చి ఉంటాడని అనుకున్నాను. నన్ను నేను అలా నమ్మించుకున్నాను.

ప్లాంటు వచ్చింది. చెప్పిన టైముకే వచ్చింది, ఆ మాట అనాలి. లారీల మీద లారీలు. బీడంతా నల్లటి అద్దాలు పరిచినట్టైపోయింది. మొదటిసారి స్విచ్ వేసిన రోజు లైన్‌మన్‌ను కాబట్టి నన్నూ పిలిచారు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమని అందుకుంది. నేను దాని కంచె దగ్గరికి వెళ్లి ఆ హోరు విన్నాను. కళ్లలో నీళ్లొచ్చాయి. ఇన్నేళ్లకు, నా ఊళ్లో, నా చొక్కా ఒంటి మీదుండగా! అది నా జీవితంలో గొప్ప రోజుల్లో ఒకటి. ఇప్పటికీ పొద్దున్నే అటు నడకకు వెళ్తాను, ఎండ ఆ పలకల మీద పడుతుంటే చూస్తాను, ఇప్పటికీ గుండె గబగబా కొట్టుకుంటుంది. దొంగతనంగా తెచ్చుకున్న సంతోషం అబద్ధం కావాలి కదా? కావట్లేదు. ఎంత ప్రయత్నించినా ఆ ప్లాంటు మీద నాకు కోపం రావట్లేదు. ఇది నా తప్పులో ఇంకో తప్పా, లేక మనిషన్నవాడు ఇంతేనా? మీకు తెలిస్తే మీ దగ్గరే ఉంచుకోండి.

కంచె వేసినప్పుడు డొంక పోయింది.

వాగు అవతలి పొలాలవాళ్లు తాతల నాటి నుంచీ బీడు మధ్య డొంకలోనే వెళ్లేవాళ్లు. రికార్డుల్లో అది లేదు. కంపెనీ మ్యాపులో బీడంతా ఒకటే ముక్క. కంచె డొంకకు అడ్డంగా పోయింది. ఇప్పుడు తారు రోడ్డు మీదుగా ఊరంతా చుట్టి పోవాలి. అన్నం క్యారేజీ పట్టుకుని నడిచివెళ్లే ఆడవాళ్లు పొద్దు నడినెత్తికెక్కే దాకా నడవాలి. మోటారు కాలితే దాన్ని మస్తాన్ షాపు దాకా తేవడమే ఒక రోజు పని. వాళ్లు మోటార్లు అటునుంచి అటే దాచేపల్లి పట్టుకుపోవడం మొదలుపెట్టారు. మస్తాన్‌కు సగం పని పోయింది.

జనం వెళ్లి గేటు దగ్గర కూర్చున్నారు. గేటు దగ్గర ఉన్నది సెక్యూరిటీ మనిషి. ఎక్కడో శ్రీకాకుళం వైపు నుంచొచ్చినవాడు, మంచివాడు, మంచినీళ్లిచ్చాడు. నాకేం తెలుసు బాబూ అని ఒక ఫోన్ నంబరిచ్చాడు. ఆ నంబరు హైదరాబాదులో మోగింది. ఒకళ్లెత్తి ఇంకొకళ్లకు చెబుతామన్నారు. ఆ ఇంకొకళ్లెవరో మా ఊరికి ఈ రోజుకీ తెలియదు. గవర్నమెంటువాళ్లైతే డొంక వదిలేవాళ్లా? ఏమో. వాళ్లూ మూసేవాళ్లేమో. కానీ వాళ్లకైతే గురజాలలో ఒక ఆఫీసుండేది, దానికి మెట్లుండేవి, మనవాళ్లు ఆ మెట్ల మీద కూర్చుని ఉండేవాళ్లు.

అక్కణ్ణుంచి లేచి అందరూ కోపంగా మస్తాన్ షాపు దగ్గరికొచ్చారు. నేనూ ఉన్నాను. ఒకాయన అననే అన్నాడు, ఇంత తెలిసినవాడివి డొంక సంగతి సభలోనే చెప్పుండొచ్చుగా అని. మస్తాన్ బల్ల సొరుగులోంచి మడతలు నలిగిపోయిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. నేను వంగి చదివాను. పెద్ద వాదనలేమీ లేవు. రెండే వరసలు. ప్లాంటు గవర్నమెంటోళ్లు కట్టినా ప్రైవేటోళ్లు కట్టినా సరే, బీడులో డొంక వదలాలి. ఆ మాట ఇప్పుడే తీర్మానంలో రాయాలి.

ఎవరు కట్టినా సరే!

అతను నా ప్లాంటును ఆపడానికి రాలేదు. వాదం తను టీ బంకు దగ్గరే వదిలేసి, ఎటు తేలినా ఊరికి దారి మిగలాలని వచ్చాడు. ఆ రెండు వరసలు చదవడానికి అరనిమిషం చాలు. చదివి ఉంటే అందరూ ఊఁ అనేవాళ్లు, కంపెనీ ఆయన కూడా ఊఁ అనేవాడు. ప్లాంటూ వచ్చేది, డొంకా ఉండేది, నా హోరు నాకు దక్కేది. నేను ఆ అరనిమిషాన్ని ఆపాను. ఎందుకు? అతను ఏం చెబుతాడో వినకముందే నాకు తెలుసనుకున్నాను కాబట్టి.

దీనికంటే నన్ను ఎక్కువ తినేది ఇంకొకటుంది. ఆ నవ్వు అక్కడితో ఆగలేదు. పెళ్లిలోనో పంచాయతీలోనో మస్తాన్ నోరు విప్పితే చాలు, "ఉండరోయ్, కరెంటు పోద్ది" అని ఎవరో అనడం, అందరూ నవ్వడం. అతనూ కొన్నాళ్లు నవ్వాడు. తర్వాత మాట తగ్గించాడు. తర్వాత నలుగురున్న చోటికి రావడం మానేశాడు. ఊళ్లో అంత బాగా మాట్లాడే మనిషి ఇప్పుడు మోటారు పట్టుకొచ్చినవాళ్లతో ఎప్పటికవుతుందో మాత్రం చెబుతాడు. వాళ్లు నవ్వినప్పుడు నేనేం చేశానని అడగరా? నేనూ నవ్వాను. నవ్వకపోతే అనుమానమొస్తుందని నవ్వాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాడి బతుకు అలాగే ఉంటుంది.

ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకంటారా? మళ్లీ గ్రామసభ పెడుతున్నారు. ఆ ప్లాంటు పక్కనే కరెంటు దాచే పెద్ద బ్యాటరీలు పెడతారట. గవర్నమెంటు పెట్టాలా, ప్రైవేటుకివ్వాలా, ఇద్దరూ కలిసి పెట్టాలా అని మళ్లీ అదే గొడవ. మొన్నీమధ్య ఊరి పెద్దలు మా ఇంటికొచ్చారు. "మావా, కరెంటు సంగతి నీకు తెలిసినంత ఎవడికి తెలుసు? ఈసారి మైకు ముందు నువ్వే మాట్లాడాల, నువ్వు ఎటంటే మేం అటే" అన్నారు. సరేనని నోటితో అన్నాను. వాళ్లు వెళ్లాక అన్నం సయించలేదు. మూడు రోజులు అలాగే గడిచాయి. మా ఆవిడ ఒంట్లో బాగాలేదేమో, నరసరావుపేట పోయి చూపించుకుందాం పదండి అంది. డాక్టరు ఏం చూస్తాడు?

ఇవాళ పొద్దున లేవగానే ముఖం కూడా సరిగా కడుక్కోకుండా మస్తాన్ షాపుకెళ్లాను. పరిగెత్తినంత పని చేశాను. ఆగితే తిరిగి వస్తానని తెలుసు.

అతను కాయిల్ చుడుతున్నాడు. ఎడమ చేత్తో రాగితీగ వదులుతూ, కుడి చేత్తో చుట్టే మర తిప్పుతూ, పైకి లెక్క పెడుతున్నాడు. కాయిల్‌కు ఇన్ని చుట్లని ఉంటుంది. ఒక్కటి తప్పితే మోటారు మళ్లీ కాలుతుంది. అందుకే అతను లెక్కలో ఉన్నప్పుడు ఊళ్లో ఎవరూ పలకరించరు, షాపు బయట నిలబడతారు. నేను నిలబడలేదు. లోపలికెళ్లి అతని ఎదురుగా నిలబడి, ముప్పై నాలుగు దగ్గర, గబగబా చెప్పేశాను. ఆ రోజు కొమ్మేమీ పడలేదు మస్తానూ, నువ్వు మాట్లాడకూడదని నేనే లైను ఆపించాను, దొంగ ఎల్‌సీ తీసుకున్నాను, అన్నాను.

ముప్పై ఐదు అన్నాడు. ముప్పై ఆరు అన్నాడు. ముప్పై ఏడు కొంచెం గట్టిగా అన్నాడు, అంతే తేడా. మర ఆగలేదు. తీగ వదులు కాలేదు. చివరి దాకా చుట్టి, దారంతో కట్టి, కాయిల్ తీసి పక్కన పెట్టాడు. అప్పుడు తలెత్తి నా వైపు చూశాడు. కోపమైతే నేను గుర్తుపట్టేవాణ్ణి, అది కోపం కాదు. నాకు తెలియని ఇంకేదో.

"ఇంకా ఐదు కాయిల్స్ ఉన్నయ్యన్నా. రైతు మజ్జానానికి వస్తానన్నాడు."

తీగ కొస మరకు తగిలించి ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

నేను ఇంకాసేపు నిలబడ్డాను. పన్నెండో చుట్టు దగ్గర నాకు తట్టింది: నేను చెప్పడానికి ఎంచుకున్న సమయం కూడా అతను మాట్లాడలేని సమయమే. కావాలని చేశానా? మళ్లీ అదే ప్రశ్న. ఈసారి జవాబు వెతుక్కోలేదు, కావాలనే చేశాను. బయటికొచ్చాను. అతను పిలవలేదు.

రోడ్డు మీద ఎండ అప్పుడే ముదురుతోంది. నా కాళ్లు నేల మీద ఆనట్లేదు. సభలో మైకు ముందు ఇదే చెబుతానా లేదా, నాకింకా తెలియదు. మస్తాన్ ఇక నా గుమ్మం తొక్కడని మాత్రం తెలుసు. అయినా మూడు రోజుల తర్వాత మొదటిసారి నాకు ఆకలేసింది. ఎలా ఉంటే అలా రాస్తానన్నాను కదా. బంకు దగ్గర నిలబడి నాలుగు ఇడ్లీలు, చాలక ఇంకో రెండు, సిగ్గు లేకుండా తిన్నాను.